బరంపురం ప్లీడరు గారబ్బాయి

మా బరంపురంలో గిరి గారి పేరు రోజూ వినబడుతుంది. ఎవరో ఒకరు గిరి మార్కెట్టుకు సంచి పట్టుకుని బయలుదేరుతూనే ఉంటారు. ఆ గిరి ఎవరర్రా అని పిల్లల్ని అడిగితే రాష్ట్రపతి అంటారు. అక్కడితో సరి. బళ్లో చదువు ఒడియా, ఇంట్లో మాట తెలుగు. ఈ రెంటి నడుమ మన పెద్దల కథలు జారిపోతున్నాయి. నాకు మాత్రం ఆయనలోని రాష్ట్రపతి కంటే ప్లీడరు మీదా, ఆ ప్లీడరు గవర్నరైన తీరు మీదా ఆసక్తి ఎక్కువ. నేనూ ఈ ఊరి కోర్టు మెట్లు ముప్ఫయ్యేళ్లు ఎక్కి దిగినవాణ్ణి కదా!

వరాహగిరి వేంకటగిరి 1894లో ఇక్కడే పుట్టారు. అప్పుడిది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఊరు ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారింది. తండ్రి జోగయ్య పంతులు గారు ప్లీడరు. కొడుకు 1913లో న్యాయశాస్త్రానికి డబ్లిన్ వెళ్లి, ఐరిష్ ఉద్యమకారులతో చేరి, 1916లో దేశం విడిచి పొమ్మనిపించుకుని వచ్చారు. ఇంటికొచ్చి నాలుగేళ్లు ప్లీడరీ చేశారో లేదో, 1920లో గాంధీగారి పిలుపు విని గౌను విప్పేశారు.

తర్వాత ఆయన లోకం రైలు కార్మికులు. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిచేసేవారు. "వకీలై ఉండి కూడా కోర్టుకెళ్లమనేవాడు కాదురా, దొరతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడమనేవాడు" అని చెప్పేవారు. కేంద్ర కార్మిక మంత్రిగా కూడా గిరి గారిది అదే పట్టు: యజమానీ కార్మికుడూ బేరమాడి తేల్చుకోవాలి, తీర్పు ఆఖరి మార్గం. అయినా బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు ఆయనే 1954లో రాజీనామా చేశారు. ఇందులో వైరుధ్యం నాకు కనబడదు. తగవు కోర్టుకు పోకుండా చూడాలి, పోయాక తీర్పును మన్నించాలి.

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. అది ఇద్దరిని ఎన్నుకునే నియోజకవర్గం. ఒకటి గిరిజనులకు కేటాయించిన స్థానం, రెండోది జనరల్. రెండూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. జనరల్ స్థానం గిరిజనుడికి చెల్లదన్నారు గిరి గారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు! వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1959లో ఓడిపోయారు. కోర్టులు వద్దన్న మనిషి స్వయంగా వేసిన దావా ఇది. ఓడినందుకు నేనైతే సంతోషిస్తాను. కేటాయింపు గిరిజనుడికి గడప కావాలి గాని గోడ కాకూడదు.

1960 జూలైలో ఒక చిత్రం జరిగింది. గిరి గారు లక్నో నుంచి కేరళకు, కేరళ గవర్నరు బూర్గుల రామకృష్ణారావు గారు లక్నోకు మారారు. ఇద్దరూ తెలుగువాళ్లు, ఇద్దరూ వకీళ్లు, ఇద్దరూ పరాయి రాష్ట్రాల రాజభవనాల్లో. మనలాంటి ప్రవాసులకు ఇది ముచ్చటగానే ఉంటుంది.

కేరళలో గిరి గారికి కఠిన పరీక్ష 1965 మార్చి ఎన్నికలు. ఎవరికీ మెజారిటీ రాలేదు. గెలిచిన మార్క్సిస్టుల్లో చాలామంది జైల్లో ఉన్నారు. స్థిరమైన మంత్రివర్గం కుదరదని గవర్నరు నివేదించారు. శాసనసభ ఒక్కసారైనా కూడకుండానే రద్దయింది. లెక్కల ప్రకారం ఆ మాట తప్పు కాకపోవచ్చు. కాని కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేసి స్వయంగా జైలుకెళ్లినవాడు, జీవితమంతా ఎదురెదురుగా కూర్చోమన్నవాడు, ఆ సభనొకసారి కూర్చోనిచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మా బార్ రూములో ఈ మాటన్నప్పుడల్లా పెద్దవాళ్లు నన్ను కసురుకునేవారు. మన ఊరి మనిషిని మనమే తప్పుపడితే ఎలాగని వాళ్ల బాధ. ఊరి మనిషి కాబట్టే కదా అడుగుతున్నాను!

తర్వాత మైసూరు గవర్నరుగా 1967 దాకా ఉండి, ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక మీదా వ్యాజ్యం పడింది. 1970లో పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు, కేసు గెలిచారు. గౌను విప్పి అప్పటికి యాభయ్యేళ్లు.