కార్డ్ బేకసూర్!

మావాడు రెండేళ్ల ఈదీ కూడబెట్టి పద్నాలుగు వేలు నా చేతిలో పెట్టాడు. "అబ్బా, గ్రాఫిక్స్ కార్డ్ కొందాం." పదో తరగతి పిల్లాడి మొత్తం ఖజానా అది.

మా కంప్యూటర్ 2018 నాటిది. రైజెన్ 5 1600, జీటీఎక్స్ 1060, 8 జీబీ ర్యామ్, అదీ ఒకటే స్టిక్. గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. కసూర్ ఎవరిది? తహఖీఖాత్ మొదలుపెట్టాం (విలేకరి బుద్ధి ఎక్కడికి పోతుంది!). రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించాం. కార్డ్ వల్లే ఆగుతుంటే ఫ్రేములు పెరగాలి. పెరగలేదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే కార్డ్ సగం ఖాళీగా కూర్చుంది, ర్యామ్ నిండిపోయింది, ప్రాసెసర్ ఆపసోపాలు పడుతోంది.

మా బోర్డు బీ450, ఏఎం4 సాకెట్. బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5 5600 అందులోనే సరిపోతుంది. పాత ప్రాసెసర్ ఉండగానే ఆ పని కానివ్వాలి. పైగా విండోస్ 11కి 1600 పనికిరాదు, 5600 పనికొస్తుంది. మిగిలిన పైసలతో సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్, పాతదానికి జోడీ.

వాడి మొహం చిన్నబోయింది. దోస్తులకి చూపించుకోవడానికి ప్రాసెసర్‌కి రంగుల లైట్లుండవు కదా! "పైసలు నీవి, ఫైసలా కూడా నీదే బేటా" అన్నాను.

పొద్దున నాష్తా దగ్గర మెల్లగా అన్నాడు: "అబ్బా, బయోస్ ఫైల్ డౌన్‌లోడ్ చేశాను."