కోహబర్ గోడ

మిథిలలో ఆడపిల్ల పెండ్లి నిశ్చయమైన ఇంటి స్త్రీల మనస్సులో పందిరితోబాటు మెదిలేది ఒక గోడ. ఆ గోడ గల గదికి కోహబర్ అని పేరు. వివాహమైన రాత్రి మొదలు నాలుగవ రాత్రి వరకు వధూవరులు పెండ్లికూతురి పుట్టినింట ఆ గదిలోనే ఉంటారు. చతుర్థినాటి కర్మ ముగిసిన పిమ్మటగాని వివాహవిధి పూర్తి కాదు. అంతవరకు ఒకరి ముఖం ఒకరు సరిగా చూచి ఎరుగని ఇద్దరు, కొత్తదనపు బెరుకుతో కూర్చుండి చూడవలసిన మొదటి దృశ్యం ఆ గోడ. కావున దానిని ఖాళీగా ఉంచడం అమంగళం. కూలికి మనిషిని పెట్టి వ్రాయించడం ఆ ఇంటి ఆచారం కాదు.

గోడను మట్టితోను ఆవుపేడతోను అలికి ఆరబెడతారు. ముత్తైదువ ఒకతె సిందూరంతో తొలిబొట్లు పెడుతుంది. చేయి తిరిగిన పెద్దామె రేఖలు గీస్తే, మేనత్తలూ వదినెలూ ఈడుపిల్లలూ రంగులు నింపుతారు. కుంచె అంటే వెదురుపుల్ల కొసకు చుట్టిన దూది, లేదా గుడ్డపేలిక. నలుపునకు దీపపుమసి, పసుపునకు పసుపుకొమ్ము, ఎరుపునకు కుసుమపువ్వు, పచ్చదనానికి చిక్కుడాకు పసరు, తెలుపునకు బియ్యపుపిండి. అన్నీ పెరటిలోనో వంటింటిలోనో దొరికేవే. గీత సాగినంత సేపూ పాట సాగుతూనే ఉంటుంది. పాట తెలిసినవారు గీత రానివారైనా ఆ గదిలో పరాయివారు కారు.

ఆ చిత్రం నడుమ గుండ్రని తామరాకుల గుంపు ఉంటుంది. దానిని అక్కడివారు పురైన్ అంటారు. ఆకుల మధ్య నుంచి నిటారుగా ఒక కాడ లేస్తుంది. పక్కన వెదురుపొద. చుట్టూ చేపలు, తాబేళ్లు, చిలుకల జంటలు, సూర్యచంద్రులు, గౌరీపూజ చేస్తూ వధువు. తామర స్త్రీకి, వెదురు పురుషునికి గుర్తులని పండితులు చెబుతారు. సంస్కృతంలో వంశమన్న మాటకు వెదురనీ సంతతి అనీ రెండర్థాలూ ఉన్నవి. పండితుడు నిఘంటువులో చూచే ఆ శ్లేషను, అక్షరం ఎరుగని ముత్తవ్వ గోడమీద చూపుతుంది. గది నాలుగు మూలలలో నైనా జోగిన్ అనే దేవత రూపం ఉంటుంది. మేలిముసుగు చాటున ఆమెకు ఒక కన్ను మాత్రమే కనబడుతుంది. దిష్టి తగులకుండా కాపాడే కన్ను అది. శుభాన్ని కోరుతూ గీసినవారు భయాన్ని కూడా మరువలేదు. కొత్త కాపురానికి రెండూ సహజమే గదా.

గోడ బంధువులందరిదీ. కాని పిల్ల తన చేతితో తానే చేసుకొనేవి వేరే ఉన్నవి. వానకాలపు తడినేలలో సిక్కీ అనే గడ్డి పెరుగుతుంది. ఎండితే బంగారువన్నెగా ఉంటుంది. ముంజగడ్డిని చుట్టగా చుడుతూ, దాని మీద సిక్కీపోచలను టకువా అనే లావుపాటి సూదితో బిగించి, మూతగల పౌతీలను, మూతలేని మౌనీలను అల్లుతారు. పూర్వం ఆడపిల్ల పెండ్లి నాటికి ఇటువంటివి కొన్ని సిద్ధం చేసుకొని, నగలో సిందూరమో తినుబండారాలో నింపుకొని అత్తింటికి తీసుకొనిపోయేది. పెండ్లిలో ఇచ్చిపుచ్చుకొనే సిందూరాన్ని పొట్లం కట్టే కాగితం మీద కూడా కోహబర్ బొమ్మ చిన్నదిగా వ్రాసేవారు. పొట్లం విప్పడం ఒక నిమిషం పని. దానిని గీయడానికి ఒక పూట పట్టేది. ఆ పూట అంతా ఆ చేతులు ఎవరిని తలచుకొన్నవో వారికే ఆ కానుక.

ఈ పనిలో ఎవరూ పేరు వ్రాసుకొనేవారు కారు. గోడ నిలవాలన్న కోరిక కూడా లేదు. తడికి పెచ్చులూడి, పొగకు మసిబారి, పండుగనాటి అలుకుడులో చిత్రం మాసిపోయేది. ఎవరూ విచారించేవారు కారు. ఇంటిలో మరొక పిల్ల ఉంటుంది. ఆమెకూ పెండ్లి అవుతుంది. అప్పుడు మళ్లీ గోడ అలుకుతారు.

1934 జనవరి 15నాటి బీహారు భూకంపం ఈ గోడలను లోకానికి చూపింది. అప్పుడు మధుబనిలో అధికారిగా ఉన్న డబ్ల్యు. జి. ఆర్చర్ కూలిన ఇండ్లను పరిశీలించబోయి, పగిలిన గోడల లోపలివైపు ఈ చిత్రాలను చూచాడు. 1949లో ‘మార్గ్’ పత్రికలో వాటిని గురించి వ్యాసం వ్రాశాడు. 1966 ప్రాంతాన కరవు వచ్చినప్పుడు, పుపుల్ జయకర్ ప్రోద్బలంతో అఖిల భారత హస్తకళల బోర్డు పక్షాన భాస్కర్ కులకర్ణి ఆ గ్రామాలకు వెళ్లి, స్త్రీల చేతికి కాగితాలిచ్చి, గోడ మీది బొమ్మలను వాటి మీద గీయమన్నాడు. ఆ కాగితం అన్నం పెట్టింది. గడప దాటని స్త్రీలు ఢిల్లీకి, విదేశాలకు వెళ్లారు. 1975లో జగదంబాదేవికి, 1981లో సీతాదేవికి పద్మశ్రీ లభించింది. కాగితం కళను చెరిచిందనడం అన్యాయం. పేరులేని చేతులకు పేరిచ్చినది కాగితమే.

ఐనా గోడకూ కాగితానికీ గల భేదాన్ని గంగాదేవి కథ తెలుపుతుంది. సన్నని గీతలతో నింపే కచనీ పద్ధతిలో ఆమె అందెవేసిన చేయి. ఆమెకు కూడా పద్మశ్రీ వచ్చింది. కాని కాపురం కలిసిరాలేదు; భర్త మరొక వివాహం చేసుకొన్నాడు. తనకు అబ్బని సౌభాగ్యాన్ని ఆమె జీవితమంతా ఇతరుల కోసం గీసింది. చివరి సంవత్సరాలలో, 1989-90 ప్రాంతాన, ఢిల్లీలో క్యాన్సర్‌కు చికిత్స పొందుతూ, అక్కడి జాతీయ హస్తకళా మ్యూజియంలో ఒక గది గోడల నిండా కోహబర్ చిత్రించింది. 1991లో ఆమె కన్నుమూసింది. ఏ జంట కోసమూ కాక, చూడవచ్చిన వారందరి కోసం వ్రాసిన ఆ కోహబర్, 2015లో అక్కడ జరిగిన మరమ్మతులలో నాశనమైంది.

కళాప్రియులు దుఃఖించారు, దుఃఖించదగినదే. కాని విచిత్రమేమంటే, మిథిలలోని ఇండ్లలో తరతరాలుగా అటువంటి గోడలు మాసిపోయినవి. ఒక్కదానికీ ఎవరూ శోకించలేదు. అవి మాసిపోయినా పోలేదు, ఏలనంటే గీయవలసిన చేయి ఆ ఇంటిలోనే పెరుగుతూ ఉండేది. మ్యూజియం గోడకు వెనుక మరొక పెండ్లి లేదు. దాచిపెట్టిన గోడ ఒక్కసారి చెరిగితే చెరిగినట్లే. చెరగడానికే గీసిన గోడ మాత్రం ప్రతి పెండ్లికీ తిరిగి పుడుతుంది.

నేడు ఆపద మరొక దిక్కు నుంచి వస్తున్నది. పట్టణంలో ఇల్లు అద్దెది; గోడ మీద గీస్తే యజమాని ఒప్పుకోడు. పెండ్లి సత్రంలో జరుగుతుంది. కోహబర్ చిత్రం అచ్చులో దొరుకుతుంది. శుభలేఖ మీద, సంచి మీద, తెరమీద ఎక్కడ కావలిస్తే అక్కడ. చూపునకు లోటులేదు. రేఖ ఇంకా సూటిగా ఉంటుంది, రంగు ఇంకా మెరుస్తుంది. లేనిదల్లా ఆ గీత గీస్తూ వధువును తలచుకొన్న మేనత్త. కొన్న అలంకారం అతిథులకు కనబడుతుంది. చేసిన అలంకారం వధూవరులతో మాట్లాడుతుంది.

గోడ లేని ఇంటికి కూడా సిందూరపు పొట్లం ఉన్నది. చేయెడు కాగితం, కొంచెం పసుపు, కొంచెం మసి, ఒక వెదురుపుల్ల, ఇవి చాలు. అత్తలకు తీరిక లేకపోతే వధూవరులే కూర్చుని గీసుకోవచ్చు. తామరాకు వంకరపోవచ్చు, చేప బాతులా రావచ్చు. మిథిల ముత్తవ్వలు అందుకు నవ్వుతారేగాని తప్పు పట్టరు. వారి తొలి చేప కూడా అటువంటిదే.

తెలుగువారికి మిథిల సీతమ్మ పుట్టినిల్లు. ఏటేటా శ్రీరామనవమినాడు భద్రాద్రిలో ఆమె కల్యాణాన్ని మళ్లీ చేస్తారు. ఒక్కసారి జరిగినది చాలునని ఎవరూ అనరు. ఆ పుట్టినింటి గోడ చెప్పే మాట కూడా అదే. శుభాన్ని దాచుకోవడం కుదరదు. ప్రతి ఇంటా, ప్రతి జంటకూ, చేతులతో మళ్లీ చేసుకోవలసిందే.