పికప్

దళితుల జీవితం గురించి రాయమంటే బండి గురించి రాస్తావేందని అడిగేవాళ్లు ఉంటారు. ఆకలి గురించి, వెట్టి గురించి, వెలి గురించి మా పెద్దవాళ్లు రాశారు. వాళ్లు రాయబట్టే నాబోటివాడు కూడా కలం పట్టుకోవచ్చని తెలిసింది. నేను మాత్రం మా నాయన టీవీఎస్ ఎక్సెల్ సూపర్ గురించే రాస్తాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మొదటి ఇంజను ఆ బండిది. రెండూ ఒకే ఏడు, 2009లో, మా ఇంటికొచ్చాయి.

మాది కనిగిరి పక్కన మాదిగపల్లె. కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఒంగోలు జిల్లా పెట్టి మమ్మల్ని అందులో కలిపారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లాలు మారాయి గాని మా నీళ్లు మారలేదు. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు సంగతి డాక్టర్లు మొదట కాగితం మీద పెట్టింది 1937లో. అదీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల మనుషుల్ని చూసే. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని నేను బళ్లో పాఠం చెబుతాను. చెప్పేటప్పుడు నా పళ్ల మీది గోధుమరంగు చారలు పిల్లలకు కనపడతాయి. వాళ్లు నవ్వరు. వాళ్ల పళ్లూ అంతే.

మా నాయనకు 67 ఏళ్లు. మెడ తిరగదు. మోకాళ్లు సగమే వంగుతాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఆ మనిషి చేసే పనేందంటే, కనిగిరిలో టీ కొట్లకూ టిఫిన్ హోటళ్లకూ మంచినీళ్ల క్యాన్లు వేయడం. తాను తాగిన నీళ్లకు ఒళ్లు కొయ్యబారిపోయింది. ఇప్పుడు ఊరందరికీ మంచినీళ్లు మోస్తున్నాడు.

నాకు ఉద్యోగం వచ్చింతర్వాత మానెయ్యమన్నాను. "నీ జీతం నీది, నా కిరాయి నాది" అన్నాడు. ఆ మాటకు ఎదురు మాట నా దగ్గర లేదు. పదేళ్ల వయసు నుంచి ఒక ఆసామి దగ్గర జీతానికి ఉన్న మనిషి ఆయన. ఏడాదికింత ధాన్యం, ఒక జత బట్టలు. తన చేతిలో పొద్దునా సాయంత్రం డబ్బులు పడడం ఆయనకు బండి వచ్చిన తర్వాతే తెలిసింది.

నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. నాయన చిన్నప్పుడు ఊరబాయి దగ్గర మావాళ్లు కడవ పక్కన పెట్టుకుని నిలబడాల్సిందే. ఎవరికన్నా దయపుట్టి తోడి పోస్తే పట్టుకోవాలి. దాహమైతే దోసిలి పట్టాలి. పైనుంచి పోస్తారు. బీఈడీ చదివేటప్పుడు నేను అంబేద్కర్ గురించి తెలుసుకుని, 1927 మార్చి 20న ఆయన మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి నాయనకు చెప్పాను. నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఎవురూ పొయ్యకుండా ఆయనే ముంచుకోని తాగినాడా?" అని అడిగాడు. ఆయనకు అందులో పట్టుకున్నది అదొక్కటే.

బళ్ల సంగతీ అంతే. ఊళ్లోకి పోతే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు. అరుగుల మీద కూర్చున్నవాళ్ల చూపులే చట్టం. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు ఎక్కే మోపెడ్ మన దేశంలో అదే మొదటిది. మొదట్లో అవి ఆసాముల ఇళ్లలోనే ఉండేవి. వాళ్లు మోటారు సైకిళ్లకు పోయింతర్వాత మోపెడ్‌లు కిందికి దిగాయి. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, చేపలవాళ్లు, గొర్రెపిల్లను కాళ్ల మధ్య పెట్టుకుని సంతకు పోయేవాళ్లు. ఆ బండికి ముందు అడ్డకడ్డీ లేదు. కాలెత్తి అవతలికి వేయక్కర్లేదు. చీర కట్టుకున్న ఆడమనిషీ నడపొచ్చు, మోకాలు వంగని మా నాయనా నడపొచ్చు.

2009లో నాయన అప్పు మీద బండి తీసుకుందామని పోతే, ఊళ్లో ఆస్తి ఉన్న ఎవరిచేతన్నా పూచీ సంతకం పెట్టించుకు రమ్మన్నారు. ఆస్తి ఉన్నవాళ్లంటే ఎవరు? ఎవరి దగ్గర జీతం చేశాడో వాళ్లే. నాయన ఇంటికొచ్చి రెండు బర్రెగొడ్లను అమ్మి రొక్కం కట్టాడు. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఆయన పేరు, మా తాత పేరు పడ్డాయి. సెంటు భూమి లేని ఇంట్లో మా తాత పేరున్న సర్కారు కాగితం అదొకటే.

పదేళ్లు తిరిగేసరికి బండి నీరసపడింది. క్యాన్లు వేసే పనిలో బండి పోయేదానికన్నా ఆగేది ఎక్కువ. కొట్టుకొట్టుకూ ఆగాలి, మళ్లీ కదలాలి. నాలుగు క్యాన్లంటే 80 కిలోల నీళ్లు. ఆ బరువుతో ఆగినచోటు నుంచి లాగాలంటే ఇంజను గుక్క పట్టేది. ఒకరోజు పామూరు బస్టాండు దగ్గర నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక బస్సు హారన్. నాయన కిక్ కొట్టలేక కొడుతున్నాడు. "ఈళ్లకు కూడా బళ్లేందిరా" అన్నాడంట ఎవరో. నాయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. "బండికి పికప్ లేదు అబ్బయ్యా" అని మాత్రం అన్నాడు. మాట నాకు వేరే వాళ్ల ద్వారా తెలిసింది.

2022 ఎండాకాలం సెలవుల్లో బండిని మెకానిక్ దగ్గర పెట్టాం. ఆయన దూదేకుల మనిషి, పదో తరగతి తప్పినవాడు. ఇంజను చప్పుడు విని రోగం చెబుతాడు. ముందు ఆయన కుర్రోళ్లకు చేసే మందే చెప్పాడు. "సైలెన్సర్‌లో పైపు తీసేద్దాం సార్. పోర్టు కాస్త లేపుదాం. కార్బొరేటర్ పెద్దది వేద్దాం. లేచి పోద్ది."

మా పల్లె కుర్రోళ్లు పాత యమహా ఆర్ఎక్స్ 100లకు అదే చేయిస్తారు. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా దానికున్న గిరాకీ తగ్గలేదు. వాళ్లను నేను తిట్టను. చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా నడిచినవాళ్ల మనవలు. వాళ్లకు చప్పుడు కావాలి. మా నాయనకు కావాల్సింది వేరే.

రెండు స్ట్రోకుల ఇంజను సంగతి చూడండి. పిస్టన్ ఒకసారి పైకి పోయి ఒకసారి కిందికొచ్చేలోపల పీల్చడం, నొక్కడం, పేలడం, పొగ వదలడం అన్నీ అయిపోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు వాల్వులుంటాయి. దీనికి సిలిండరు గోడకు కన్నాలే. పిస్టనే తలుపు. పొగ పోయే కన్నాన్ని అరగదీసి పైకి లేపితే ఇంజను బాగా జోరుగా తిరిగేటప్పుడు బలం పెరుగుతుంది. నిదానంగా తిరిగేటప్పుడు ఉన్న బలం పోతుంది. సైలెన్సర్ కూడా ఊరికే చప్పుడు తగ్గించే డబ్బా కాదు. పొగతో పాటు కాలని పెట్రోలు కొంత బైటికి జారుతుంది. సైలెన్సర్ ఆకారం వల్ల వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి దాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది. లోపలి పైపు పీకేస్తే చప్పుడు పెరుగుతుంది గాని ఆ లెక్క తప్పుతుంది. ఖాళీ రోడ్డు మీద దూసుకుపోవాలంటే ఒక రకం ఇంజను. నాలుగు క్యాన్లతో సందులోంచి కదలాలంటే ఇంకో రకం. రెండూ ఒకే ఇంజనులో కుదరవు.

"అన్నా, మా నాయన 25 దాటి ఎప్పుడూ పోడు. ఆగి లేచేకాడ బలం కావాలి" అన్నాను. మెకానిక్ కాసేపు నాయన మోకాళ్ల వైపు చూశాడు. "అయితే ఇంజను కొయ్యొద్దు సార్. ఉన్నదాన్ని ఊపిరి పీల్చుకోనిద్దాం" అన్నాడు.

ముందు మసి. ఈ ఇంజనులో అడుగున నూనె నిలవుండదు. ఆ గదిలోంచే పెట్రోలూ గాలీ పోవాలి. అందుకని పెట్రోల్లోనే టూటీ ఆయిల్ కలుపుతారు, లీటరుకు 20 మిల్లీలీటర్లు. నాయన బిడ్డకు నెయ్యి వేసినట్టు ఇంకాస్త ఎక్కువే పోసేవాడు. ఆ నూనె మసిగా మారి పొగ పోయే కన్నాన్ని సగం మూసేసింది. పిస్టన్ తల మీద పెచ్చులు కట్టింది. సైలెన్సర్ లోపలి పైపు తీసి కాల్చి దులిపాడు. అరిగిన రింగులు మార్చాడు.

తర్వాత కార్బొరేటర్. పెద్దది అక్కర్లేదు. ఊళ్లో తిరిగే బండి పూర్తి రేజ్‌కు ఎప్పుడూ పోదు. స్లో స్క్రూ, సూది, ఈ రెండే ఊరి బండికి ముఖ్యం. సూదికున్న క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేస్తుంది, పెట్రోలు కాస్త ఎక్కువొస్తుంది. కదిలేటప్పుడు గుక్క పట్టడం పోయింది.

ఎక్సెల్‌కు గేర్లు లేవు. ఇంజను తిరిగే జోరుకు క్లచ్ షూలు బయటికి జరిగి డ్రమ్మును పట్టుకుంటాయి. అవి గాజులాగా నున్నబడి జారుతున్నాయి. కుర్రోళ్లు స్ప్రింగులు బిరుసువి వేయిస్తారు. అప్పుడు ఇంజను బాగా అరిచిన తర్వాత బండి ఎగిరి దూకుతుంది. నీళ్ల క్యాన్ల బండి దూకితే ఇంకేమన్నా ఉందా? పాత బిరుసు స్ప్రింగులే ఉంచి షూలు మాత్రం కొత్తవి వేశాం.

అసలు పని చేసింది వెనక స్ప్రాకెట్. చైను పళ్లు ముందు 12, వెనక 36 అనుకోండి. ఒకటికి మూడు. వెనక 39 పళ్లది వేస్తే ఒకటికి మూడుంపావు. లాగుడు నూటికి ఎనిమిది పాళ్లు పెరుగుతుంది. 45 పోయే బండి 41, 42 దగ్గర ఆగుతుంది. ఇదే లెక్క బడి తెరిచింతర్వాత బోర్డు మీద వేశాను. ఇన్నేళ్లలో ఒక్క లెక్కకూ చెయ్యెత్తని పిల్లోడు లేచి, "బరువు మొయ్యాలంటే పెద్ద చక్రం, పరిగెత్తాలంటే చిన్న చక్రం, అంతే గదా సార్" అన్నాడు. వాళ్లయ్య గూడా ఎక్సెల్ మీద ఐసు అమ్ముతాడు.

ఇంజనుకు చేసింది ఇంతే. మిగతాది మనిషి కోసం. కిక్ రాడ్డుకు రెండంగుళాల ముక్క అతికించాం. రాడ్డు పొడుగైతే తొక్కే బలం తక్కువ సరిపోతుంది. సీటులో స్పాంజి తగ్గించాం, ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనేటట్టు. బ్రేకు షూలు మార్చాం, లాగుడు పెరిగిన బండికి ఆపుడు కూడా పెరగాలి గదా. రెండు పక్కలా పెద్ద అద్దాలు పెట్టించాం. మెడ తిరగని మనిషికి అద్దాలే మెడ. మొదటిరోజు బజారుకు పోయొచ్చి, "ఎనకొచ్చేవాళ్లు కనపడతన్నార్రా" అని చిన్నపిల్లోడిలాగా చెప్పాడు.

కొత్త బండి కొనివ్వొచ్చు గదా అంటారు. నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 వచ్చి చాలా ఏళ్లయింది. పొగ తక్కువ, నూనె కలపనక్కర్లేదు. రెండు స్ట్రోకుల ఎక్సెల్ ఇప్పుడు కొత్తది దొరకదు. పొగ విషయంలో ఆ నిర్ణయం న్యాయమైందే. నేనూ కొంటానన్నాను. "దాని కాయితం నీ పేరన ఉంటది" అన్నాడు నాయన. 2024కు పాత బండికి 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. తనిఖీ చేయించి ఇంకో అయిదేళ్లకు పొడిగించుకున్నాం. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. కాగితం మీద రాసిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని దాని సారాంశం. మేం సిలిండరు మార్చలేదు. కాగితం మీద 69.9, బండిలో 69.9. కొత్త కాగితాన్ని నాయన రెండుసార్లు నాచేత చదివించుకున్నాడు. మా తాత పేరు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు.

నాయన నీళ్లు వేసే హోటళ్లలో ఒకటుంది. పేరు చెప్పను. మిగతా అన్నిచోట్లా నాయనే క్యాను లోపలికి తీసుకుపోయి పెడతాడు. అక్కడ మాత్రం, "మెట్టు మీద పెట్టు, మా కుర్రోడు తెచ్చుకుంటాడు" అనేవాళ్లు. నీళ్లు తాగుతారు, నీళ్లు తెచ్చిన మనిషి గడప దాటకూడదు. నాకు తెలిసి మానెయ్యమంటే, "మానేస్తే ఆయనకేం, ఇంకొకడు ఏస్తాడు" అన్నాడు. ఏళ్ల తరబడి మెట్టు మీదే పెట్టాడు.

పోయిన సంక్రాంతికి ఆ హోటల్ కుర్రోడు పని మానేశాడు. యజమాని బయటికొచ్చి, పెద్దాయనా, కాస్త లోపల పెట్టి పో అన్నాడంట. నాయన బండి మీదే కూర్చుని, "ఇన్నేళ్లూ మెట్టు మీద పెట్టమన్నావు గదయ్యా. మెట్టు మీదే పెట్టినా. నా మోకాళ్లకూ అదే సుఖంగా ఉండాది" అన్నాడంట. అని రేజ్ ఇచ్చాడు. ఇంకా మూడు క్యాన్లున్న బండి గుక్క పట్టలేదు, ఆగలేదు. అట్టాంటి మాట అని బయల్దేరేటప్పుడు బండి ఆగిపోతే ఎట్టా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకీ సంగతి చెప్పిన ఎదురు కొట్టు టీ మాస్టరు, యజమాని క్యానును చేతులు మార్చి మార్చి లోపలికి మోసుకుపోవడం గూడా చెప్పాడు.

ఈ బండి సామాన్లు దొరకడం ఏడాదికేడాదికీ కష్టమవుతోంది. మొన్న ఒంగోలు పోయినప్పుడు ఒక పాత దుకాణంలో క్లచ్ షూలు ఒక జత కనపడితే తెచ్చాను. బీరువాలో నా డిగ్రీ పట్టా పక్కన పెట్టాను. నాయన చూసి, "ఆయిల్ కాయితానికి అంటద్ది, విడిగా పెట్టు" అన్నాడు.