కాఫీ మెషిన్ కొనబోయి

ఈ నెల మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను. వినడానికి చిన్నదే గాని, నాకు బుద్ధి చెప్పిన సంగతి.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు, "నాన్నా, జీతంలో రూ. 12,000 దాచాను. మనింటికి ఎస్ప్రెస్సో మెషిన్ కొందాం" అంది. నాకు వెంటనే పెళ్లి పందిళ్లు గుర్తొచ్చాయి. ఒక మూల బుస్సుమని ఆవిరి వదిలే పెద్ద మెషిన్, కప్పు నిండా నురగ, పైన చిటికెడు చాక్లెట్ పొడి. మా చిన్నతనంలో ఎస్ప్రెస్సో అంటే అదే. అమ్మాయి నవ్వి, "అది ఎస్ప్రెస్సో కాదు నాన్నా. ఇన్‌స్టంట్ పొడి, పాలు, పంచదార కలిపి ఆవిరితో పొంగించడమే" అంది.

అసలుది ఇటలీలో పుట్టింది. 1884లో తూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో అనే ఆయన ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1938లో మిలాన్‌లో అకిల్లే గాజ్జా ఆవిరిని వదిలి, వేడినీటినే గట్టి ఒత్తిడితో పొడిలోనుండి నెట్టే పద్ధతికి పేటెంటు కోరాడు. చిక్కటి తేనెరంగు నురగ ఆ ఒత్తిడి వల్ల వచ్చేదే. మన ఫిల్టరులో నీళ్లు వాటంతట అవే నెమ్మదిగా కిందికి దిగుతాయి. ఎస్ప్రెస్సోలో 90 నుండి 96 డిగ్రీల వేడి నీటిని సుమారు 9 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లతో, పొడిలోనుండి పంపుతారు. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుండి 30 సెకన్లలో దిగాలి.

ఇక రెండు నెలలపాటు రోజూ రాత్రి ఫోనులో మా ఇద్దరికీ ఇదే మాట. కొన్ని సంగతులు తెలుసుకున్నాం. బాగా చౌక రకాల్లో కొన్నింటికి పంపు ఉండదు. ఆవిరి తోపుతోనే పనిచేస్తాయి గనుక ఆ ఒత్తిడి చాలదు, పొడి మాడిన వాసన వస్తుంది. పంపు ఉన్నవాటి పెట్టెల మీద 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది పంపుకున్న గరిష్ఠ శక్తి మాత్రమే. కాఫీకి కావలసింది 9 బార్లే. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది గ్రైండరు. పొడి మెత్తగా, అంతా ఒకేలా ఉండాలి. మిక్సీలో వేస్తే కొంత బూడిదలా, కొంత బరకగా వస్తుంది. నీళ్లు బరక ఉన్న చోటునుండి జారిపోతాయి, కాఫీ పలచబడి పుల్లగా ఉంటుంది. తక్కువ ధర మెషిన్లలో అడుగున ఒకే సన్నని రంధ్రం ఉన్న రెండు పొరల జల్లెడ ఇస్తారు. దానితో బజారు పొడికి కూడా నురగ వస్తుంది గాని, నురగ వచ్చినంతమాత్రాన రుచి రాదు. మాకు నచ్చిన చిన్న పంపు మెషిన్ కొంటే మంచి గ్రైండరుకు డబ్బు మిగలడం లేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నా మనసు అప్పటికే రూ. 30,000 మెషిన్ మీద పడింది. మెరిసే స్టీలు, గ్రైండరు అందులోనే ఉంది. "వాయిదాల్లో తీసుకుంటే నెలకు కొంతేగా అమ్మా" అన్నది నేనే. తండ్రి నోరు తెరిచి అడిగితే ఏ కూతురు కాదంటుంది? సరేనంది.

ఆ వారమే మా సంఘంలోని ఒక యువకుడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాయిదాల మీద ఫోను కొన్నాడు. మూడు నెలలు కట్టలేకపోయాడు. అది తీర్చడానికి ఇంకొకరి దగ్గర వడ్డీకి తెచ్చాడు. "గోపురం కట్టేవాడు ముందు లెక్క చూసుకోవద్దా బాబూ?" అని నెమ్మదిగానే మందలించాను. "తప్పేనండి అయ్యగారూ" అని తల వంచుకుని వెళ్లిపోయాడు.

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. వాయిదాల ఊసు ఎత్తలేదు. "ఏమండీ, ఆ మెషిన్‌లో ఒకసారికి ఎన్ని కప్పులు వస్తాయి?" అని మాత్రం అడిగింది.

"ఒకటి. మహా అయితే రెండు."

"ఆదివారం ఆరాధన తరువాత మనింటికి వచ్చేది పన్నెండు మంది కదండీ."

లెక్క వేశాను. పొడి చేసి, జల్లెడలో నొక్కి, కాఫీ దించి, పాలు నురగబెట్టి, జల్లెడ కడగాలి. కప్పుకు ఐదు నిమిషాలు వేసుకున్నా పన్నెండు మందికి గంట. ఆఖరివారికి కాఫీ అందేసరికి మొదటివారు ఇంటికి చేరుకుంటారు. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటికి వచ్చిన ప్రతివారికీ కాఫీ కలిపి ఇచ్చింది ఆమే. తండ్రీకూతుళ్లం రెండు నెలలు ఎన్నో మెషిన్లు చూశాం గాని, ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి అమ్మాయికి ఫోను చేసి, "వాయిదాల మాట మరిచిపో అమ్మా. తప్పు నాది" అన్నాను. కాసేపు ఊరుకుని, "అమ్మనే అడుగుదాం నాన్నా" అంది. ఆమెకు కావలసినవి రెండే. పావుగంటలో అందరికీ అందాలి. కరెంటు పోయినా ఆగకూడదు.

చివరకు గ్యాసు పొయ్యి మీద పెట్టే ఆరు కప్పుల స్టీలు మోకా పాట్, ఒక చేతి గ్రైండరు కొన్నాం. మోకా పాట్ కూడా ఇటలీదే, 1933 నాటిది. అడుగున నీళ్లు, మధ్యలో పొడి. నీళ్లు కాగి, ఆవిరి ఒత్తిడికి పొడిలోనుండి పైగిన్నెలోకి ఎక్కుతాయి. ఒత్తిడి ఒకటి రెండు బార్లకు మించదు గనుక ఇది ఎస్ప్రెస్సో కాదు, ఆ నురగ రాదు. కాని చిక్కటి డికాక్షన్ కొద్ది నిమిషాల్లో వస్తుంది. పాలు కలిపితే ఆరుగురికి సరిపోతుంది. రెండుసార్లు పెడితే పన్నెండు మందికీ అందుతుంది. గింజలు మన అరకువి. చెట్ల నీడలో, మిరియాల తీగల నడుమ గిరిజన రైతులు పండించే ఆ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఖర్చు మా బడ్జెట్‌లో సగం దాటలేదు. మిగిలినది అమ్మాయి దగ్గరే ఉంచుకోమన్నాం.

మెషిన్ కొనడం తప్పని నేను అనడం లేదు. ఇంట్లో ఇద్దరే ఉండి, ఆ రుచి ఇష్టమైతే నిశ్చింతగా కొనుక్కోండి. అయితే ముందు గ్రైండరుకు డబ్బు పక్కన పెట్టండి. చికోరీ కలపని తాజా గింజలు కొద్దికొద్దిగా తెచ్చుకోండి. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది, శుద్ధి చేసిన నీళ్లు వాడండి. వెయ్యి వాట్లకు పైగా లాగే మెషిన్‌ను మీ ఇన్వర్టరు మోయగలదో లేదో కనుక్కోండి. అన్నిటికంటే ముందు, దానితో రోజూ పని చేయబోయేవారిని అడగండి.

ఇప్పుడు గ్రైండరు తిప్పే పని నాది. మొన్న ఆదివారం ఆ యువకుడు వచ్చినప్పుడు నా వాయిదాల కథ దాచకుండా చెప్పాను. "మీరు కూడానా అయ్యగారూ!" అని నవ్వి, నా చేతిలోని గ్రైండరు తీసుకుని మిగతా గింజలు తనే తిప్పాడు. ఈసారి అతడు తల వంచుకోలేదు. వెళ్లేముందు తన అప్పు ఎంతో, ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాసుకున్నాం. ఇద్దరం కలిసి లెక్క చూసుకున్నాం.