ఒంటరి పేరు, పెద్ద సంసారం

కళింగపట్నం సముద్రపు ఒడ్డున ఇసుకంతా ఒకే రంగులో ఉండదు. అల వెనక్కు పోయినచోట నల్లటి చారలు, వాటి పక్కన ఎర్రటి చారలు కనిపిస్తాయి. చిన్నప్పుడు నేను ఆ నల్ల ఇసుకలో అయస్కాంతం తిప్పితే దానికి గడ్డం మొలిచేది! అంటుకోని ఇసుకను మా మామయ్య భూతద్దం కింద పెట్టి, "ఒరే, ఆ తేనెరంగు గింజలు చూడు!" అన్నాడు. వాటి సంగతే మీకు చెప్పబోతున్నాను.

ఆ ఖనిజం పేరు మోనజైట్. రష్యాలో ఇల్మెన్ కొండల్లో దొరికిన స్ఫటికాలను చూసి, 1829లో బ్రైట్‌హాప్ట్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పెట్టాడీ పేరు. గ్రీకుభాషలో "ఒంటరిగా ఉండటం" అని అర్థం. అది అంత అరుదుగా కనిపించింది మరి. తమాషా ఏమిటంటే, మన నల్ల ఇసుకలో ముఖ్యమైన ఇల్మెనైట్‌కు కూడా ఆ కొండలే పేరిచ్చాయి.

పేరు ఒంటరిదే గాని, గింజలోపల పెద్ద సంసారమే ఉన్నది. ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్లు కలిస్తే ఫాస్ఫేటు. మీ ఎముకల్లో ఫాస్ఫేటు కాల్షియంతో జతకట్టింది. మోనజైట్‌లోనో, సీరియం, లాంథనం, నియోడిమియం, తోరియం ఒకరి పీటమీద ఒకరు కూర్చుంటారు. వాటి పరమాణువులు ఇంచుమించు ఒకే సైజు గనక చోటు సరిపోతుంది. 1839లో మొసాండర్ సీరియంలో నక్కి ఉన్నదాన్ని పట్టుకుని, "దాగినది" అనే అర్థంతో లాంథనం అన్నాడు. 1885లో వెల్స్‌బాఖ్ వేరుచేసినది నియోడిమియం, అంటే "కొత్త కవల". పెట్రోమాక్స్ దీపపు మాంటిల్‌ను తయారుచేసినవాడూ ఆయనే! పూర్వం పెళ్ళి ఊరేగింపుల్లో వెలిగిన ఆ తెల్లని కాంతి తోరియందే. అందులో సీరియం నూటికి ఒక పాలు.

తూర్పు కనుమల రాళ్ళు అరిగి, వంశధార, నాగావళి ఈ గింజలను కడలికి చేర్చాయి. మామూలు ఇసుకకన్న దాదాపు రెట్టింపు బరువు గనక, అల తేలిక ఇసుకను ఊడ్చుకుపోతే ఇవి మిగిలిపోతాయి. తోరియం కిరణాలు విడుస్తుంది. ఒడ్డున నడవటానికి భయమక్కర్లేదు గాని, ఇసుక మూటగట్టి ఇంట్లో దాచుకోకండి సుమా.

ఇప్పుడు నియోడిమియం లేనిదే విద్యుత్ కార్ల మోటార్లకు గట్టి అయస్కాంతాలు దొరకటం కష్టం. తోరియాన్ని రియాక్టరులో అణు ఇంధనంగా మార్చవచ్చు. అందుకే మోనజైట్ ప్రభుత్వపు అదుపులో ఉన్నది. అయితే గింజ కావాలంటే ఇసుకదిబ్బను తవ్వాలిగదా? నన్నడిగితే, లెక్కలు వేసేవాళ్ళు ముందుగా దిబ్బ ఎక్కి ఆవలివైపు చూడాలి. 2018లో తిత్లీ తుపాను మన తీరానికే వచ్చింది. అటువంటప్పుడు సముద్రానికి అడ్డు నిలిచేవి మొగలిపొదలు మొలిచిన ఆ దిబ్బలే. వాటి వెనకనే జాలర్ల పల్లెలున్నాయి.