దూలం చివర ఎద్దు

పుంగనూరులో బస్సు మారేటప్పటికి మధ్యాహ్నం రెండయింది. మదనపల్లె నుంచి దారి పొడుగునా టమాట క్రేట్ల బండ్లు ఎదురొస్తూనే ఉన్నాయి. చౌడేపల్లె బస్సులో సగంమంది బోయకొండ గంగమ్మ దర్శనానికి పోయేవాళ్లు. ఒడిలో కోడిపుంజును పెట్టుకున్న ఒకావిడ నన్ను కూడా కొండకేనా అని అడిగింది. కొండకు కాదమ్మా, ఒక ఎద్దును చూడడానికి అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "కొంటావా నాయనా?" అంది.

కొనడానికి కాదు. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు పిల్లలకు గేర్ల లెక్కలు చెప్పినవాణ్ణి నేను. నా దగ్గర చదివిన కుర్రాడొకడు ఫోన్ చేసి, చౌడేపల్లె దగ్గరి పల్లెలో ఒక లారీ మెకానిక్ పాత జీపు యాక్సిల్ హౌసింగ్‌ను నేలలో పాతి, దానికి ఎద్దును కట్టి, గడ్డి కత్తిరించే మిషను తిప్పుతున్నాడని చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాత బావి మీద కపిల తోలి నీళ్లు తోడిన మనిషి. నా చిన్నతనంలోనే ఆ బావి మీద ఆయిల్ ఇంజను కూర్చుంది. ఎద్దులు బావి దగ్గర నుంచి కొట్టంలోకి, కొట్టంలో నుంచి పరసకు వెళ్లిపోయాయి. ఎద్దు బలాన్ని యంత్రానికి అందించే పని మధ్యలో ఎక్కడో ఆగిపోయిందన్న దిగులు నాకు ఎప్పటినుంచో ఉంది. దాన్ని మళ్లీ ఎవరో ఎత్తుకున్నారంటే చూడకుండా ఎలా ఉంటాను?

పల్లె చివర చింతచెట్టు కింద ఉంది ఆ యంత్రం. మొదట కంటబడింది మాత్రం అది కాదు, పక్కన కంపల్లో వాలిపోయి ఉన్న ఇనుప చెరకు గానుగ. మూడు నిలువు రోళ్లు, పైన దూలం బిగించే పట్టు, పళ్లు అరిగిన చక్రాలు. ఇలాంటి ఇనుప గానుగలకు మూలం బీహారులోని బిహియా. 1870ల్లో అక్కడ థామ్సన్, మైల్న్ అనే ఇద్దరు ఎద్దులు తిప్పే ఇనుప గానుగను తయారుచేస్తే, కొయ్య రోళ్ల గానుగల స్థానంలో అది దేశమంతా పాకింది. ఎద్దు అదే, నడక అదే. మారినదల్లా రోళ్లు. అయినా చెరకులోంచి వచ్చే రసం పెరిగింది, కట్టెలు విరిగే బెడద తగ్గింది. చిత్తూరు జిల్లా బెల్లానికి ఈ ఇనుము చాలా కాలం ఊడిగం చేసింది.

"మా నాయన కొన్న్యాడు దాన్ని. తెల్లారుజామున మూడింటికే ఎద్దుల్ని కట్టేవాళ్లం. పెనం కింద పిప్పి మంట, ఈ పక్క గానిగ సద్దు. ఆ వాసనకు ఊరంతా లేస్తాన్న్యారు" అన్నాడు పెద్దాయన. ఎనభై దాటిన మనిషి. యంత్రం చేసింది ఆయన మనవడు, ఎద్దు మాత్రం ఆయనది.

ఎద్దంటే పుంగనూరు ఎద్దు. మూడడుగుల పైన కొంచెం ఎత్తు, తెల్లటి వెడల్పాటి నొసలు, పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక. ఈ జాతి బరువు సాధారణంగా 115 నుంచి 200 కిలోల మధ్య ఉంటుంది. ఇది ఆ పై అంచున ఉన్నట్టు కనిపించింది. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో పుంగనూరు ఆవులు మేత తింటున్న ఫొటోలు వచ్చాక ఈ జాతి పేరు దేశమంతా తెలిసింది. ఆవులకు గిరాకీ వచ్చింది. ఎద్దుకు రాలేదు. పెద్దాయన దాని గంగడోలు నిమురుతూ, "మడకకు ట్రాక్టరొచ్చె, బండికి ఆటో వచ్చె. ఇంగ దీనికేం పని? ఊరికే తింటా నిలబడితే దానికీ బాగుండదు, నాకూ బాగుండదు" అన్నాడు.

యంత్రం సంగతి చెబుతాను. మనవడు పుంగనూరులో ఒక షెడ్డులో పనిచేస్తాడు. గుజరీలో దొరికిన పాత జీపు వెనుక హౌసింగ్‌ను నిట్టనిలువుగా నిలబెట్టి సగందాకా కాంక్రీటులో పాతాడు. పైకి వచ్చిన యాక్సిల్‌కు చక్రం బదులు సరుగుడు దూలం బిగించాడు. దూలం చివర ఎద్దు. ఎద్దు గుండ్రంగా తిరిగితే యాక్సిల్ తిరుగుతుంది, దాంతో క్రౌను అనే పెద్ద పళ్లచక్రం, క్రౌనుతో పినియను అనే చిన్న చక్రం. జీపులో ఇంజను పినియనును తిప్పితే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. ఇక్కడ తిరగేశాడు: చక్రం వైపు నుంచి తిప్పితే పినియను అయిదింతల వేగంతో తిరుగుతుంది. రెండు యాక్సిళ్లనూ వేరువేరుగా తిరగనిచ్చే లోపలి సాటిలైట్ గేర్లను వెల్డింగ్ చేశావా అని అడిగాను. అతని మొహం వెలిగిపోయింది. "చెయ్యకపోతే కింది యాక్సిల్ వట్టిగా తిరుగుతాది సార్, క్రౌను కదల్దు. మొదట వారం రోజులు అదే అర్థం గాక తల బద్దలు కొట్టుకున్న్యా."

పినియను నుంచి వచ్చే షాఫ్టు ఎద్దు నడిచే దారికి అడ్డంగా నేల మట్టాన పోవాలి. దాని మీద చెక్క పెట్టె బోర్లించి, రెండు వైపులా మట్టితో వాలు పోశాడు. ఎద్దు ప్రతి చుట్టులో ఒకసారి ఆ గట్టు ఎక్కి దిగుతుంది. మొదట్లో అక్కడికి రాగానే నిలబడిపోయేదట. పెద్దాయన రెండు రోజులు ముందు నడిచి, బెల్లం ముక్క చూపించి దాటించాడు. యూరప్‌లో, అమెరికాలో గుర్రాలతో నూర్పిడి యంత్రాలు తిప్పిన రోజుల్లోనూ షాఫ్టు ఇలాగే నేల మీద పాకేది, గుర్రాలు దాన్ని దాటుకుంటూ తిరిగేవి. ఆ బొమ్మలేవీ ఈ కుర్రవాడు చూడలేదు. అదే చిక్కు, అదే మందు.

నేను టేపు తీసి దూలం కొలిచాను. 11 అడుగులు. అంటే చుట్టు 69 అడుగులు. గడియారం పెట్టి 10 చుట్లు లెక్కపెడితే నాలుగున్నర నిమిషాలు పట్టింది. నిమిషానికి రెండుంబావు చుట్లకు కాస్త తక్కువ. కాడికీ దూలానికీ మధ్య నా స్ప్రింగు కాటా తగిలించి చూస్తే ముల్లు ఊగుతూ ఊగుతూ 19 కిలోల చుట్టుపక్కల నిలిచింది. పశువు రోజంతా నొప్పి లేకుండా లాగగలిగేది దాని బరువులో పదో వంతు అంటారు. ఈ ఎద్దు సరిగ్గా అక్కడే ఉంది. లెక్క కడితే దాదాపు 145 వాట్లు, హార్స్ పవర్‌లో అయిదో వంతు.

ఆ హార్స్ పవర్ అన్న మాట పుట్టిందే ఇలాంటి దూలం దగ్గర. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పాల్సి వచ్చి, మిల్లు తిప్పే గుర్రాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. దూలం 12 అడుగులు, గంటకు 144 చుట్లు, లాగుడు 180 పౌన్లు. హెచ్చవేసి, సరిచేసి నిమిషానికి 33,000 అడుగు-పౌన్లు అన్నాడు. గంటకు 144 అంటే నిమిషానికి 2.4 చుట్లు. చౌడేపల్లె ఎద్దు నడక దానికి ఎంత దగ్గరో చూడండి! మన రైతు "అయిదు హెచ్‌పీ మోటారు" అన్న ప్రతిసారీ దూలానికి కట్టిన ఆ గుర్రాన్నే తలుస్తున్నాడు.

పెద్దాయనకు ఈ లెక్కలన్నీ చెప్పాను. శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశాడు. "అయితే దీంతో మళ్లా నీళ్లు తోడచ్చునా నాయనా?"

ఆ మాటకు జవాబు చెప్పడం కష్టమైంది. ఆయన బావి 30 అడుగులు. కపిల రోజుల్లో తోలు బొక్కెన, దాని తొండం, గిలక, మోకు, ఎద్దులు కిందికి దిగే వాలు. నిండు బొక్కెనతో దిగడం ఒక ఎత్తు, ఖాళీ మోకుతో వెనక్కి నడవడం ఇంకో ఎత్తు. ఆ వెనకనడక తప్పించడానికే ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటే రెండు బొక్కెనలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడే ఏర్పాటు వచ్చింది. మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో కపిలలు, ఏతాలు ఎన్ని నీళ్లు తోడుతాయో కొలిచి, చివరికి ఆయిల్ ఇంజన్ల వైపు మొగ్గాడు. ఇప్పుడు ఈ సీమలో బోర్లు వెయ్యి అడుగులు దాటుతున్నాయి. ఈ ఒక్క ఎద్దు, సగం బలం గేర్లలో పోయినా, 30 అడుగుల నుంచి గంటకు 2,900 లీటర్ల దాకా తోడగలదు. అదే ఎద్దు 1,000 అడుగుల నుంచి తోడాలంటే గంటకు 87 లీటర్లు. నాలుగైదు బిందెలు.

"ఎద్దు బలం తగ్గలేదు పెదనాయనా. నీళ్లే దిగిపోయినాయి" అన్నాను. ఆయన చాలాసేపు బావి వైపు చూస్తూ ఉండిపోయాడు. అందులో సీమతుమ్మ మొలిచి ఉంది.

అందుకే ఎద్దుకు తగిన పనిని వెతకాలి. నెమ్మదిగా, బలంగా తిరిగే పని దాని సొంతం. నూనె గానుగ అలాంటిది. 1934లో మొదలైన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘంలో, జె.సి. కుమారప్ప నడిపిన వార్ధా మగన్‌వాడీలో, ఝవేర్‌భాయ్ పటేల్ గానుగ మీద కూర్చుని పనిచేశాడు. ఒక వాయికి ఎక్కువ గింజ పట్టేలా, ఎద్దు మీద భారం పెరగకుండా రోలునూ రోకలినీ సరిదిద్దాడు. అదే వార్ధా గానుగ. మనకు ఇంకా దగ్గరలో, బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా ఉన్న ఎన్.ఎస్. రామస్వామి ఎద్దుబండిని, కాడిని బాగుచేయాలని దశాబ్దాల పాటు తిరిగాడు. మెడ మీద కాయలు కాసే కాడిని మార్చడానికి ఇంజనీరు సిగ్గుపడకూడదని నేను క్లాసులో ఎప్పుడూ చెప్పేవాణ్ణి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఇలా గుండ్రంగా తిరిగే ఎద్దుల యంత్రాలతో గడ్డి కత్తిరించడం, గింజ విసరడం లాంటివి చేసి చూపించింది. అయినా ఆ పని పల్లెకు చేరలేదు. చేరేలోపే మోటారు వచ్చేసింది. గడ్డి కత్తిరించే చక్రాన్ని మనిషి చేత్తో తిప్పితే నిమిషానికి 40, 50 చుట్లు. ఇంట్లో ఆడవాళ్లు పాడి ఆవుల కోసం రోజూ ఆ పిడి తిప్పి భుజాలు అరగదీసుకుంటున్నారు. ఆ బరువు దించడానికి ఈ ఎద్దు చాలు.

కానీ ఒక లోపం ఉంది. పినియను నుంచి 72 పళ్ల పెద్ద చక్రం, అక్కడి నుంచి గడ్డి మిషను మీద 18 పళ్ల చిన్న చక్రం, మధ్యలో సైకిల్ చెయిన్. నిమిషానికి 44 చుట్లు బాగానే వస్తున్నాయి. చెయిన్ మాత్రం ఇప్పటికి రెండుసార్లు తెగింది. మోటారు సైకిల్ చెయిన్ వేస్తానని కుర్రాడు అంటున్నాడు. నేను అరగంట ఊరికే కూర్చుని చూశాను. ఎద్దు లాగేటప్పుడు చెయిన్‌కు ఏమీ కావడం లేదు. ఎద్దు ఆగినప్పుడు వస్తోంది చిక్కు. బరువైన ఇనుప చక్రం తిరిగే ఊపులో ఉంటుంది, ఎద్దు టక్కున నిలబడుతుంది. ఆ ఊపంతా వెనక్కి తన్ని, దూలం ముందుకు పొడుచుకుని వెళ్లి, కాడి ఎద్దు మెడను నెడుతోంది. అందుకే అది ఆగాక తల విదిలిస్తోంది. లావుపాటి చెయిన్ వేస్తే చెయిన్ తెగదు, ఆ దెబ్బంతా ఎద్దు తింటుంది.

"తమ్ముడూ, సైకిల్ తొక్కడం ఆపితే నీ కాళ్లు తిరుగుతాయా?" అన్నాను. "ఫ్రీవీల్!" అన్నాడు వెంటనే, నుదురు కొట్టుకుని.

మరునాడు పొద్దున అతను పుంగనూరు పోయి ఫ్రీవీల్ తెచ్చేలోగా నేను పలమనేరు వెళ్లొచ్చాను. మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పానికి పోయే పెద్దరోడ్డు మీదే ఉంది ఆ ఊరు. అక్కడి పశు పరిశోధనా కేంద్రంలో పుంగనూరు జాతిని కాపాడుతున్నారు. కంచె అవతల కోడెదూడలు గంతులేస్తున్నాయి. మెట్టభూముల్లో తేలిక మడక లాగడానికి పెరిగిన జాతి అది. ఆవు పాలల్లోని వెన్న శాతం గురించి అందరూ చెబుతారు; ఈ కోడెలు పెరిగి ఎద్దులైతే వాటి నడక ఎందుకు పనికొస్తుందో అడిగేవాళ్లు తక్కువ. వాటిని చూస్తుంటే చౌడేపల్లె దూలమే కళ్లముందు మెదిలింది. ఎక్కువసేపు నిలవలేక వచ్చేశాను.

తిరిగొచ్చేటప్పటికి ఫ్రీవీల్ వెల్డింగ్ అయిపోయింది. మొదట తిరగేసి బిగించారు. ఎద్దు నడుస్తోంది, చక్రం కదలదు, టికటికమని చప్పుడు మాత్రం వస్తోంది. విప్పి రెండో వైపు బిగించేసరికి నాలుగయింది. దాంతోపాటు కాడి కింద గోనెగుడ్డ మడిచి మెత్త కట్టించాను. పెద్దాయన గంతలు తెచ్చాడు. గానుగెద్దుకు కళ్లకు గంతలు కట్టడం ఆనవాయితీ. వద్దన్నాను, గట్టు ఎక్కి దిగే ఎద్దుకు దారి కనపడాలి. భారం లాగే పశువుల గురించి 1965 నాటి నిబంధనలు ఉన్నాయి: రోజుకు మొత్తం 9 గంటలు మించకూడదు, విరామం లేకుండా 5 గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. ఇవి చెప్పగానే పెద్దాయన కోపంగా, "అంతసేపు నేను కట్టిస్తానా? పొద్దన ఒక గంట, సాయంత్రం ఒక గంట. అంతకు మించి కడితే వీడి చెయ్యి విరగ్గొడతా" అని మనవణ్ణి చూపించాడు.

కోడలు పచ్చి జొన్నచొప్ప మోపు తెచ్చి మిషను పక్కన దించింది. ఎద్దు కదిలింది. గట్టు ఎక్కింది, దిగింది. చక్రం ఊపందుకుంది. ఆమె చొప్ప అందిస్తుంటే కత్తి కింద చిన్న చిన్న ముక్కలు రాలుతున్నాయి. పచ్చి వాసన చింతచెట్టు కిందంతా కమ్ముకుంది. తొమ్మిదో చుట్టులో నీళ్ల తొట్టి ఎదురుగా ఎద్దు తనకు తానే ఆగింది. మేమంతా దూలం వైపే చూశాం. దూలం ఆగిపోయింది. చక్రం ఒక్కటే టికటికమంటూ ఏడెనిమిది చుట్లు తిరిగి, మిగిలిన చొప్పను కూడా కోసి, నెమ్మదించింది. ఎద్దు తల విదిలించలేదు. మెడ వంచి నీళ్లు తాగుతోంది.

పెద్దాయన పోయి కాడి మీద చెయ్యి వేసి నెట్టి చూశాడు. దూలం వదులుగా ఉంది.

"ఇప్పుడు కడతా దీన్ని" అన్నాడు.