పైన్ నీడ, కురింజి పూవు

కొడైకెనాల్ వెళ్ళినవారెవరూ పైన్ తోపులో ఫోటో తీయించుకోకుండా కొండ దిగరు. 2018 సెప్టెంబరులో మేమూ ఆ పనే చేశాం. బారులు తీరి నిటారుగా నిలబడ్డ ఆ చెట్ల మధ్య నడుస్తుంటే వేయిస్తంభాల మంటపంలో ఉన్నట్లే ఉంటుంది. చూపుకు మన సముద్రపొడ్డు సరుగుడు తోట జ్ఞాపకం వస్తుంది. కాని సరుగుడు పూచే జాతి, పైన్ పూవెరుగదు. కర్రతో చెక్కినట్లుండే కాయలే దానికున్నవి. పుప్పొడి మోసేది గాలి, రెక్కల గింజను ఎగరేసుకుపోయేదీ గాలే. తుమ్మెదతో దానికి పనిలేదు.

"ఏమండీ, ఇక్కడ ఒక్క పిట్టయినా కూయదేం?" అన్నది మా ఆవిడ ఉన్నట్టుండి. నిజమే! కాళ్ళకింద సూదులవంటి ఎండుటాకులు పరుపులా పడివున్నాయి. గడ్డిపోచ లేదు.

మధ్యాహ్నం కురింజి ఆండవర్ గుడిలో కుమారస్వామిని సేవించుకుని, ఊరు దాటి వెళ్ళాం. అక్కడొక కొండవాలున కనబడింది, ఆ స్వామికి పేరిచ్చిన కురింజి. నడుమెత్తు పొద, గంటల్లాంటి ఊదా నీలి పూలు. ఒక్క పూవును విడిగా చూస్తే ఏమంత గొప్పగా ఉండదు, ఉన్నమాట చెప్పాలి గదా! వాలంతా ఒక్కసారిగా పూచినప్పుడే దాని సొగసు. నీలగిరికి ఆ పేరు ఈ పూలవల్లనే వచ్చిందంటారు. చుట్టూ తేనెటీగల రొద.

ఈ మొక్క 12 ఏళ్ళకు ఒక్కమారే పూస్తుంది. పూచి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. రాలిన గింజలు మొలిచి మళ్ళీ 12 ఏళ్ళ వ్రతం పడతాయి. ముదువర్లనే కొండజాతివారు ఈ పూతలతోనే వయస్సు లెక్క కట్టుకునేవారట.

కురింజి ఉండేది చెట్లులేని గడ్డికొండలమీద. దొరల కాలంలో ఆ కొండలను ఉత్త బీడులనుకున్నారు. కలప వస్తుందని, ఎక్కడో మెక్సికో దేశపు పైన్‌ను, ఆస్ట్రేలియా యూకలిప్టస్‌ను తెచ్చి నాటించారు. స్వరాజ్యం వచ్చాకా ఆ నాట్లు ఆగలేదు. నాటినంతమేరకే ఉంటే కొంత నయం. గాలికెగిరిన పైన్ గింజ పక్క గడ్డిలోనూ మొలుస్తుంది. చెట్టు లేచి నీడ కమ్మితే కురింజికి ఆ చోటు ఇక దక్కదు. మనమేమో ఆ నీడలో ఫోటోలు తీయించుకుంటున్నాం!

మళ్ళీ పూత 2030లో. ఆనాడు మా ఆవిడ చెంగు పట్టుకుని నడిచిన నాలుగేళ్ళ మనవరాలికి అప్పటికి 16 నిండుతాయి. నాకు 80. "మీరు రాకపోయినా దాన్ని నేను తీసుకొస్తాను లెండి" అన్నది మా ఆవిడ, బస్సెక్కుతూ.